పిట్టల పిచ్చికి ఒక నోటుబుక్కు

“మా వాడికి పిట్టల పిచ్చి పట్టిందండీ” అని తల్లో తండ్రో చెబుతున్నప్పుడు ఆ గొంతులో సగం మురిపెం, సగం భయం ఉంటాయి. పదో తరగతి పరీక్షలు నెత్తి మీదకొస్తుంటే కుర్రాడు డాబా ఎక్కి కరెంటు తీగల వంక చూస్తుంటాడు. బస్సులో కిటికీ సీటు కోసం చెల్లెలితో పోట్లాట, అదీ చెరువు వచ్చే వైపు కిటికీ. పెళ్లికి తీసుకెళ్తే భోజనాల వేళకు కనబడడు, వెతికితే పందిరి వెనక చింతచెట్టు కింద మెడ ఎత్తి నిలబడి దొరుకుతాడు. ఈ అధ్యాయం వాడి కోసం, అలాంటి అమ్మాయిల కోసం. పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివినా మంచిదే, మధ్యలో వాళ్లకూ రెండు మాటలున్నాయి.

ముందే ఒకటి చెప్పేస్తాను. ఇష్టమైన పని పట్టుకోండి, మిగతాదంతా అదే చూసుకుంటుంది అని చాలా వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతాయి. నాకు ఆ మాట మీద అంత గురి లేదు. వేసవి సెలవుల్లో పుట్టిన ఇష్టం బడి తెరిచేసరికి చల్లారడం అందరం చూసిందే. కొత్త బైనాక్యులర్ నెలరోజులు మెడలో వేలాడుతుంది, ఆ తర్వాత బీరువా పై అరలోకి పోతుంది. పిట్టల మీద ఇష్టం ముసలితనం దాకా నిలిచినవాళ్లను చూడండి. వాళ్లు ఆ ఇష్టానికి ఓ చిన్న పని అప్పగించి ఉంటారు. చూసింది చూసినట్టు, తారీఖు వేసి, చోటు పేరు పెట్టి రాసుకోవడం. ఇష్టం మందగించిన రోజున కూడా ఆ పని మనిషిని గుమ్మం దాటిస్తుంది.

పిచ్చుకను కొట్టిన పిల్లాడు

ఈ మాటకు మన దేశంలో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీని మించిన సాక్ష్యం లేదు. 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టాడు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగాడు. మామకు వేట సరదా ఉండేది, పిల్లాడి చేతికి ఒక ఎయిర్‌గన్ వచ్చింది. పదేళ్ల వయసులో ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మరక కనిపించింది. మామూలు ఊరపిచ్చుకకు అది ఉండదు. ఇదేం పిట్ట అని మామను అడిగాడు. మామకూ తెలియదు. తెలియదని ఒప్పుకుని, ఉత్తరం రాసిచ్చి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ అనే ఇంగ్లీషు దొర.

ఈ కథలో నాకు నచ్చే మనిషి మిల్లార్డే. గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ పిల్లాడికి ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. పిట్ట పేరు చెప్పి పంపించెయ్యనూ లేదు. సొసైటీ దాచిన పిట్టల నమూనాలను ఒక్కొక్కటీ తీసి చూపించాడు. చదవడానికి పుస్తకాలిచ్చాడు. చర్మం ఎలా ఒలవాలో, ఎలా ఆరబెట్టాలో, దానికి కట్టే చీటీ మీద ఏం రాయాలో నేర్పించే ఏర్పాటు చేశాడు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అన్న చీటీ లేకపోతే ఎంత అందమైన పిట్టయినా ఆ బీరువాలో చెత్తతో సమానం. పదేళ్ల పిల్లాడి బుర్రలో ఆ పాఠం నాటుకుంది.

ఎంత గట్టిగా నాటుకుందో చెప్పడానికి ఒక ముచ్చట చాలు. ఆ రోజుల్లోనే గుర్రపుశాల గోడ కన్నంలో ఒక ఆడ పిచ్చుక గుడ్లు పొదుగుతుండేది. బయట మగది కాపలా. పిల్లాడు బండి చాటున దాక్కుని మగదాన్ని కొట్టేశాడు. కాసేపటికి ఆడది ఇంకో మగదాన్ని వెంటబెట్టుకొచ్చింది. దాన్నీ కొట్టాడు. మళ్లీ ఇంకోటి. ఏడు రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలు పోయాయి, ప్రతిసారీ కాపలాకు కొత్తది సిద్ధం. ఇవాళ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ వాడు అదంతా కాగితం మీద పెట్టాడు. సుమారు అరవై ఏళ్ల తర్వాత, ఆయన లోకం ఎరిగిన శాస్త్రవేత్త అయ్యాక, ఆ చిన్ననాటి రాత పక్షి ప్రేమికుల పత్రిక ఒకదానిలో అచ్చయింది. జంట పోయిన ఆడ పిచ్చుకకు తోడు ఎంత త్వరగా దొరుకుతుందో చెప్పే సమాచారం అది. రాసిన రోజున దాని విలువ రాసినవాడికీ తెలియదు.

తల్లిదండ్రులకు నా మొదటి మాట ఇక్కడ. పిల్లలు పిట్ట పేరు అడిగితే తెలియకపోవడం తప్పు కాదు. తెలియదని చెప్పి, తెలిసినవాళ్ల దగ్గరకు పంపిన మామ చేసిన పని చేయండి చాలు.

ఖాళీగా ఉన్నప్పుడు

సాలిం అలీ జీవితాన్ని తిన్నటి మెట్ల దారిలా చెప్పే వ్యాసాలు చాలా ఉన్నాయి. వాటిని నమ్మకండి. కాలేజీ మధ్యలో మానేశాడు. కుటుంబపు గనుల వ్యాపారం చూసుకోమని బర్మాలోని తవోయ్‌కి పంపితే, గనుల కంటే చుట్టుపక్కల అడవుల్లోనే ఎక్కువ తిరిగాడు. తిరిగొచ్చి వాణిజ్య చట్టం, అకౌంటెన్సీ చదివాడు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ బ్లాటర్ అతని అసలు మక్కువ కనిపెట్టి జువాలజీ వైపు తిప్పాడు. విశ్వవిద్యాలయం డిగ్రీ లేదన్న కారణంతో జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో చిన్న కొలువు దొరికింది. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి పక్షి శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకుని వచ్చేసరికి ఆ కొలువూ పోయింది. ముప్పై దాటిన వయసు, పెళ్లయింది, పని లేదు.

భార్య తెహ్మీనాతో కలిసి బొంబాయికి ఎదురుగా సముద్రం అవతల ఉన్న కిహిం అనే పల్లెకు మారాడు, ఖర్చు తక్కువని. అక్కడ ఇంటి దగ్గర గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. 1930 వానాకాలం. చేతిలో ఉన్నది సమయం ఒక్కటే. గూళ్లకు గుర్తులు పెట్టుకుని, ఏ పిట్ట ఏ గూటి దగ్గర ఏం చేస్తోందో రోజు వెంట రోజు రాసుకున్నాడు. ఆ రాతలతో వచ్చిన వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. గిజిగాడి గూడు మన పల్లెల్లో తరతరాలుగా చూస్తున్నదే. కానీ గూడు కట్టే మగదానికీ, చూసి ఎంచుకునే ఆడదానికీ మధ్య బేరం ఎలా నడుస్తుందో వరుసగా రాసి పెట్టింది ఆయన.

ఆ బేరాన్ని మీరు కూడా చూడొచ్చు, టికెట్ లేదు. జూన్ చివర మొదలుకుని సెప్టెంబరు దాకా, ఊరి బయట దిగుడుబావి మీదకు వంగిన ఈతచెట్టో, చెరువుగట్టు మీద తుమ్మో, తాటిచెట్టో వెతకండి. మగ గిజిగాడికి ఆ రోజుల్లో నెత్తి పసుపు ముద్దలా ఉంటుంది, మొహం నల్లగా. మిగతా కాలంలో చూస్తే ఆడ పిచ్చుక అనుకుని వదిలేస్తారు. అది వరి ఆకు మీద వాలి, అంచున ముక్కుతో ఒక గాటు పెడుతుంది. ఆ గాటు దగ్గర పీచును ముక్కున పట్టుకుని ఒక్కసారిగా ఎగురుతుంది. ఎగిరిన ఊపుకు ఆకు నిలువునా చీలి సన్నటి పోగు చేతికొస్తుంది. మొదట కొమ్మకు ఆ పోగులు ముడేసి చుట్టి, ఒక వలయం అల్లుతుంది. ఆ వలయంలో కూర్చునే పైకప్పు దించుతుంది. గూడు సగానికి వచ్చి బోర్లించిన హెల్మెట్‌లా కనిపించే దశలో ఆగిపోతుంది. లోపలి గోడకు తడి మట్టి ముద్దలు అద్దుతుంది. ఎందుకు అద్దుతుందన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్న సంగతి.

ఇక్కడ ఆడపిట్టలు గుంపుగా దిగుతాయి. మగవాళ్లంతా రెక్కలు టపటపలాడిస్తూ ఒకటే గోల. ఒక్కో ఆడది ఒక్కో గూట్లో దూరి, పోగులు లాగి చూసి, నచ్చితే ఉంటుంది, లేకపోతే పక్క గూటికి పోతుంది. నచ్చాకే మగది కింది గొట్టం దింపి గూడు పూర్తిచేస్తుంది. పూర్తయ్యాక కుదురుగా ఉంటుందా అంటే, లేదు. పక్క కొమ్మన ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో ఆడదాని కోసం. మధ్యలో పొరుగు గూటి పోగులు దొంగిలించడం కూడా చూస్తారు.

నోటుబుక్కులో ఇది ఎలా రాయాలి? “గిజిగాళ్లు చాలా అందంగా గూళ్లు కడుతున్నాయి” అని రాస్తే అది స్కూలు మ్యాగజైన్‌కి పనికొస్తుంది. ఇలా రాయండి: ఆగస్టు 9, ఆదివారం, పొద్దున్న 6.40 నుంచి 7.15 దాకా. బావి మీద ఈతచెట్టు. మబ్బు, పడమటి గాలి. మొత్తం గూళ్లు 11. హెల్మెట్ దశలో 6, గొట్టం దిగినవి 3, ఎండిపోయినవి 2. నాలుగో గూట్లో ఆడది రెండుసార్లు దూరింది, వెళ్లిపోయింది. మగది ఆ గూటి పోగులు మళ్లీ సర్దుతోంది. ఇంతే. వారం తర్వాత అదే చెట్టు, అదే వేళ. నాలుగో గూడు ఏమైంది అన్న ప్రశ్న మిమ్మల్ని తెల్లవారకముందే లేపుతుంది, అలారం అక్కర్లేదు.

మరో ప్రశ్న కూడా ఇస్తాను. గూళ్లు చెట్టుకు ఏ దిక్కున ఎక్కువ వేలాడుతున్నాయి? తూర్పు వైపే ఎక్కువ ఉంటాయని, నైరుతి గాలివాన దెబ్బ అటు తగలదని పరిశీలకులు అంటారు. మీ ఊరి చెట్టు మీద ఆ మాట నిలుస్తుందో లేదో లెక్కపెట్టండి. నిలవకపోతే మరీ మంచిది, కారణం వెతుక్కునే పని దొరుకుతుంది.

పెద్దవాళ్లు రాసింది తప్పయితే?

సాలిం అలీ పేరు ఎవరికీ పెద్దగా తెలియని రోజుల్లో, గొలుసు తోకలాంటి రెండు పొడవాటి ఈకలుండే అడవి ఎట్రింత గురించి ఒక చిన్న సంగతి రాశాడు. ఆ తోక చివరి రేకు అమరిక గురించి పుస్తకాల్లో ఉన్నదానికీ తను చూసినదానికీ పొత్తు కుదరలేదని. హ్యూ విస్లర్ అప్పటికే మన దేశపు పక్షుల మీద పెద్ద అధికారి. ఊరూపేరూ లేని కుర్రాడు తప్పులెంచడమేమిటని ఆయన చిరాకు పడ్డాడు. తర్వాత తన దగ్గరున్న నమూనాలు తీసి మళ్లీ చూసుకున్నాడు. కుర్రాడిదే నిజం. తప్పు ఒప్పుకున్నాడు, తర్వాత ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. 1931–32లో సాలిం అలీ హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేశాడు. జీతం వద్దు, తిరుగుడు ఖర్చులు పెట్టుకుంటే చాలన్నాడు. తెలంగాణ అడవుల్లో ఎడ్లబండ్ల మీద డేరాలేసుకుంటూ చేసిన ఆ సర్వే నివేదికకు వివరణలు జోడించింది ఆ విస్లరే.

మీరు రేపు చూసే పిట్ట పుస్తకంలో రాసినట్టు ప్రవర్తించకపోవచ్చు. అప్పుడు పుస్తకాన్ని తిట్టొద్దు, మీ కళ్లనూ అనుమానించొద్దు. చూసింది రాసి, మళ్లీ చూడండి.

చూపు ఎలా అలవడుతుంది

మొదటి పని కొనడం కాదు. బైనాక్యులర్ లేకుండా ఒక నెల గడపండి. ఇంటి చుట్టూ, బడి దారిలో, గుడి కోనేరు దగ్గర మామూలు కంటికి కనిపించేవి చాలా ఉన్నాయి: కాకి, గోరింక, పికిలిపిట్ట, గువ్వ, కొంగ, లకుముకి, జెముడుకాకి, చిలుక, తేనెపిట్ట. ఈ తొమ్మిదింటిలో మగ, ఆడ తేడా, గొంతు, వాలే చోటు తెలిసినవాడు కొత్త పిట్ట కనిపించగానే కొత్తదని పట్టేస్తాడు. తెలియనివాడికి అన్నీ కొత్తవే, కాబట్టి ఏదీ కొత్తది కాదు. నెల తర్వాత కూడా మనసు లాగుతుంటే అప్పుడు కొనండి. 8×40 లేదా 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. దుకాణదారు పన్నెండు రెట్లది, ఇరవై రెట్లది అంటగట్టబోతాడు. వద్దు. ఎన్ని రెట్లు పెరిగితే చేతి వణుకు అన్ని రెట్లు పెరుగుతుంది, కొమ్మల్లో పిట్ట దొరికేలోపు అది పక్క ఊరు చేరుతుంది.

తెలియని పిట్ట కనబడితే పుస్తకం తీయకండి. ఫోనూ తీయకండి. పిట్ట ఎదురుగా ఉన్నంతసేపూ పిట్టనే చూడాలి, పుస్తకం సాయంత్రం కూడా ఉంటుంది. పరిమాణం రాసుకోవడానికి పాతకాలపు కొలబద్ద చాలు: పిచ్చుకంత, గోరింకంత, కాకంత, గద్దంత, లేదా వాటికి అటూ ఇటూ. ముక్కు సన్నగా ఉందా, గింజ నమిలే మొద్దు ముక్కా, చివర వంపు తిరిగిందా. తోక ఆడిస్తోందా. నేల మీద గెంతుతోందా, నడుస్తోందా. ఇదొక్కటే చాలా పిట్టల్ని వేరుచేస్తుంది: పిచ్చుక గెంతుతుంది, గోరింక మనిషిలా నడుస్తుంది.

రంగు చివరన రాయండి. కొత్తవాళ్లు రంగుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. పొద్దుటి ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే ఉంటుంది. పిట్ట చేసే పని మాత్రం ఎండతో మారదు. పసిరిక పిట్టను చూడండి. పొలం గట్టు మీద తీగ పట్టుకుని కూర్చుంటుంది, పిచ్చుక కంటే కాస్త సన్నం, ఆకుపచ్చ, తోకలో మధ్య ఈకలు రెండు సూదుల్లా పొడుచుకొస్తాయి. ఉన్నట్టుండి గాల్లోకి దూకి, ఒక చుట్టు తిరిగి, అదే చోట వాలుతుంది. ఈసారి ముక్కున ఒక తేనెటీగ ఉంటుంది. వెంటనే మింగదు. తీగకేసి టప్‌టప్‌మని బాదుతుంది, ఆ తర్వాత దాని తోకభాగాన్ని తీగకేసి రుద్దుతుంది. కొండీ, విషమూ పోవాలని. ఆ తర్వాతే తల ఎత్తి గుటుక్కుమనిపిస్తుంది. అదే పిట్ట తూనీగను పట్టినప్పుడు ఈ రుద్దుడు కనిపిస్తుందా? నిలబడి చూడండి. రెక్కలున్న ప్రతి పురుగునూ అది ఒకేలా చూస్తుందా, తేడా తెలుస్తుందా అన్నది పొలం గట్టు మీద నిలబడి తేల్చగలిగిన విషయం.

ఫోన్ల గురించి అడుగుతారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ యాప్ కూత విని పిట్ట పేరు చెబుతుంది. బ్రహ్మాండమైన సాధనం. కానీ నేర్చుకునే మొదటి ఏడాది అది శత్రువు. పేరు ముందే తెలిస్తే కన్ను పని మానేస్తుంది. మీరే ఊహించి, రాసి, ఆ తర్వాత యాప్‌ను అడగండి. అది చెప్పింది తప్పని ఎప్పుడైనా మీకనిపిస్తే, మీరు దారిలో పడ్డట్టే.

అడగాల్సిన మనుషులు

పుస్తకాల కంటే ముందు ఊళ్లో కొందరున్నారు. గొర్రెలు కాసేవాళ్లు, చెరువులో వల వేసేవాళ్లు, యానాదులు, ఎరుకలు, రాత్రి పొలానికి నీళ్లు పెట్టే రైతులు. పిట్ట ఎక్కడ నిద్రపోతుందో, ఏ నెలలో గుడ్లు పెడుతుందో వీళ్లకు తెలిసినంత పట్నం పక్షి ప్రేమికులకు తెలియదు.

కలివికోడి కథ దీనికి రుజువు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ తూర్పు కనుమల వైపు ఈ పిట్టను కనుగొన్నాడు. 1848లో శాస్త్ర ప్రపంచానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని కడప ప్రాంతపు పల్లెల్లో విచారించడం మొదలుపెట్టారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర స్థానికుడొకడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ పిట్ట తిరిగేది చీకట్లో. పగలు వెతికినవాళ్లకు ఎనభై ఏళ్లకు పైగా దొరకని పిట్ట, రాత్రి అడవి ఎరిగినవాడికి దొరికింది. సాలిం అలీ అప్పటికి బతికే ఉన్నారు, తొంభైకి దగ్గర పడ్డారు. తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కాబట్టి నోటుబుక్కు వెనక నాలుగు పేజీలు విడిగా ఉంచండి. ఎవరు ఏ పిట్టను ఏమని పిలిచారో, ఏ ఊళ్లోనో, దాని గురించి ఏం చెప్పారో రాయడానికి. ఎట్రింతను ఒకచోట పసులపోలిగాడు అంటారు, పశువుల వీపు మీద స్వారీ చేస్తుంది కాబట్టి. ఇలాంటి పేర్లు చాలావాటికి ఇంకా రాతలో చోటు దొరకలేదు.

దూరప్రయాణాలు

నేలపట్టు గూడబాతులు, పులికాట్ రాజహంసలు, శ్రీకాకుళం తేలినీలాపురం, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు, కొల్లేరు, సంగారెడ్డి వైపు మంజీర, హైదరాబాద్ అంచున 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు, వికారాబాద్ అనంతగిరి. అన్నీ చూడదగ్గవే, ఎక్కువ భాగం నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య. చలికాలంలో మీ ఊరి పెద్ద చెరువులోనే తల మీద రెండు నల్ల చారలున్న బాతులు దిగితే, అవి హిమాలయాలు దాటి వచ్చాయని గుర్తుంచుకోండి.

కానీ తొలి ఏడాది ప్రయాణాలు తగ్గించండి. ఏడాదికోసారి చూసే రాజహంసల గుంపు కళ్లకు పండుగ, నేర్పేది తక్కువ. వారం వారం చూసే ఊరి చెరువు నేర్పుతుంది: ఏ పిట్ట ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్లిపోయింది, పోయినేడాది వచ్చి ఈ ఏడు రానిదేది. ఇంకోటి, ఒక్కరే తెల్లవారుజామున పాడుబావుల వెంట తిరగొద్దు. తోడు ఉండాలి, ఎటు వెళ్తున్నారో ఇంట్లో తెలియాలి. హైదరాబాద్‌లో 1980లో మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్న సంఘంలాంటి వాటితో వెళ్తే, ఇంట్లోవాళ్లకు నిశ్చింత, మీకు అడగడానికి నలుగురు పెద్దలు.

గూళ్లు పెట్టే చోటికి వెళ్తే దూరం నుంచే చూడండి. చెట్టు కిందకు పోయి కేకలేస్తే పెద్దపిట్టలు లేస్తాయి, ఎండ గుడ్ల మీద పడుతుంది, కాకులు కాచుకునే ఉంటాయి. ఫొటో కోసం గూటి ముందు కొమ్మలు విరిచేవాళ్లను, ఫోన్‌లో కూత పెట్టి పిట్టను పదేపదే రప్పించేవాళ్లను నేను పక్షి ప్రేమికులని అనను. వీరాపురం అనే పల్లెలో చింతచెట్ల మీద కొంగలు గూళ్లు పెడితే ఊళ్లోవాళ్లు కాపాడుకుంటారు, వాటి రాక ఊరికి మంచిదని నమ్ముతారు. మర్యాద అక్కడ నేర్చుకోవచ్చు.

మీ రాతలు ఎక్కడికి పోతాయి

ఈబర్డ్ అనే వేదికలో ఎవరైనా తమ జాబితా నమోదు చేయొచ్చు. అక్కడ ఒక నియమం ఉంది, నాకు చాలా నచ్చింది. గొప్ప పిట్టలు మాత్రమే కాకుండా గుర్తుపట్టగలిగినవన్నీ, కాకితో సహా, రాయమంటారు. అలా రాస్తేనే రాయనిది ఆ పూట కనబడలేదని అర్థం చేసుకోవచ్చు. లేకపోవడం కూడా సమాచారమే. 2023లో వచ్చిన మన దేశపు పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం ముప్పై వేలమందికి పైగా మామూలు మనుషులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలు. అందులో విద్యార్థులున్నారు, గృహిణులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా కలిసి చేసే పెరటి పక్షుల లెక్కింపు ఉంటుంది. మీ మొదటి జాబితా అప్పుడు వెయ్యండి, పావుగంట చాలు.

ఇది తిండి పెడుతుందా అన్న ప్రశ్నకు సూటి జవాబు: పిట్టల మీదే బతికే ఉద్యోగాలు తక్కువ. డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ, కోయంబత్తూరులో సాలిం అలీ పేరిట ఉన్న పరిశోధన కేంద్రం, విశ్వవిద్యాలయాలు, అటవీ సర్వీసు ఉన్నాయి. పోటీ గట్టిగానే ఉంటుంది, చదువు తప్పదు. అయితే జెర్డన్ వైద్యుడు, విస్లర్ పంజాబ్‌లో పోలీసు అధికారి. పొట్టకూటి పని ఒకటి, పిట్టలు ఒకటి. రెండూ చక్కగా నడిచాయి. తల్లిదండ్రులకు రెండో మాట ఇది: ఇంజనీరింగ్ చదివించండి, తప్పులేదు. పొద్దున్న గంట మాత్రం లాక్కోకండి. గంటసేపు కదలకుండా నిలబడి, చూసినదాన్ని పెంచకుండా తుంచకుండా రాయగలిగిన పిల్లాడు ఏ పనిలోనైనా నిలబడతాడని నా నమ్మకం.

ఇక చివరి సంగతి. 2023 నివేదిక ప్రకారం సంఖ్య బాగా తగ్గి, ప్రమాద స్థాయిని మళ్లీ అంచనా వేయాలని సూచించిన 14 జాతుల్లో పాలపిట్ట ఒకటి. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు దాన్ని చూస్తే శుభమని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని కొందరు దాన్ని వలేసి పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులడుగుతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. చిలుకను పంజరంలో పెట్టి అమ్మడమూ నేరమే. ఈ దసరాకు అలాంటివాడు గుమ్మంలోకొస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. పొద్దున్నే ఇంటిల్లిపాదీ ఊరి బయటకు నడవండి, కోతకొచ్చిన చేల మీది కరెంటు తీగలు వెతకండి. కనిపిస్తే తారీఖు, వేళ, చోటు రాయండి. కనిపించకపోతే అది కూడా రాయండి.